పాత గోడకు రఫూ: సున్నం పరీక్ష గురించి నాలుగు మాటలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ ఏడు కమిటీ ముందు ఒక ప్రశ్న ఉంది. మన తంగళ్ళపల్లి చుట్టుపక్కల ఎక్కడ పాత సున్నపు కట్టడం కనబడినా, అది మసీదు గోడైనా, దర్గా కమానైనా, కబరస్తాన్ ప్రహరీ అయినా, బాగు చేయించడానికి మీరు ముందుకు వస్తున్నారు. అల్లాహ్ మీకు బర్కత్ ఇవ్వాలి. "నా పేర ఇన్ని సిమెంట్ బస్తాలు రాసుకోండి" అని చాలామంది అంటున్నారు. ఆ బస్తాలు కొంచెం ఆపండి, ముందు పాత సున్నం పరీక్షకు ఇవ్వండి అని అడగడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. చాలా ఏళ్ల కింద ఒక ఊళ్లో పాత మసీదు పనికి నేను దగ్గరుండి చూసుకునేవాణ్ని. గోడ అడుగున గచ్చు పొడిపొడిగా రాలుతోంది. అంతా గీకించి, గట్టిగా ఉంటుందని సిమెంట్ పూయించాను. రంగు వేశాక అందరూ మెచ్చుకున్నారు. మూడో వానాకాలానికి నడుము ఎత్తు దాకా ఉన్న తేమ మనిషి ఎత్తుకు ఎక్కింది. సిమెంట్ పెళ్లలు ఊడుతూ, వాటితోపాటు ఇటుక ముఖాలను కూడా పీక్కొచ్చాయి. పైసలు ఇచ్చిన పెద్దమనిషి గోడను చూసి ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

పాత గోడకు పునాది కింద నీటిని ఆపే పొర ఉండదు. నేల తడి పైకి వస్తుంది, సున్నపు పూతలోంచి ఆవిరై పోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. తడి లోపలే నిలుస్తుంది, పైకి వెతుక్కుంటుంది. తడితో వచ్చిన ఉప్పు ఇటుక లోపల గడ్డకట్టి, దాన్ని పగలగొడుతుంది. పైగా సిమెంట్ ఇటుక కన్నా గట్టిది. గోడ కొద్దిగా కదిలితే పగిలేది ఇటుకే. మన సిరిసిల్ల, తంగళ్ళపల్లి వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నలిగిన పాత బట్టకు రఫూ చేసేటప్పుడు దాని నంబరు దారమే వెతుకుతారు కదా! మోటు దారం పెడితే కుట్టు నిలుస్తుంది, బట్ట చిరుగుతుంది.

మరి పాత సున్నం నంబరు ఎట్లా తెలుసుకోవాలి? ముందుగా గోడ లోపల, ఎవరూ ముట్టని చోటు నుంచి చిన్న ముక్క తీయాలి. పై పూత, కట్టుబడి సున్నం వేరువేరుగా తీసి, ఏది ఎక్కడిదో రాసిపెట్టాలి. ఆరబెట్టి, తూచి, మెల్లగా చిదపాలి. తర్వాత పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తారు. సున్నం బుసబుసమని కరిగిపోతుంది. ఇసుక, సుర్ఖీ, అంటే కాల్చిన ఇటుక పొడి, అడుగున మిగులుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, తూచి, జల్లెళ్లతో వేరు చేస్తే ఏ సైజు ఇసుక ఎంతో తేలుతుంది. అప్పుడు మానేరు ఇసుక దానికి కలుస్తుందా, కొంచెం జల్లించుకోవాలా అన్నది చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. 40 గ్రాముల ముక్కలో 28 గ్రాములు మిగిలాయనుకోండి. కరిగింది 12 గ్రాములు. గోడలో సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. తడిపిన సున్నం 74 గ్రాములుంటే అది 100 గ్రాముల రాయి అవుతుంది. అంటే మొదట వేసిన సున్నం సుమారు 9 గ్రాములు. తూకంలో ఒకటికి మూడు అన్నమాట. కానీ మేస్త్రీ కలిపేది తూచి కాదు, తట్టలతో. సున్నం పొడి తేలిక, ఇసుక బరువు. తట్టల్లో చూస్తే అది దాదాపు ఒకటికి ఒకటి. కాగితం మీద ఒకటికి మూడు చూసి మూడు తట్టల ఇసుక పోస్తే, పరీక్ష చేయించి కూడా గోడను పాడు చేసినట్టే.

యాసిడ్ ఒక్కటే చాలదు. ఇసుకలో సున్నపురాయి ముక్కలుంటే వాటినీ కరిగించి, సున్నం ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అందుకే పలచని పలక కోసి మైక్రోస్కోప్ కింద కూడా చూస్తారు. బెల్లం, కరక్కాయ, జిగురు లాంటివి కలిపారా అన్నదానికి వేరే పరీక్షలుంటాయి. "తాతల కాలంలో బెల్లం వేసేవారు" అని విని మనం గంపెడు వేస్తే సున్నం గట్టిపడటమే ఆలస్యమవుతుంది. మోతాదు తెలిశాకే వేయాలి.

అంతా తెలిశాక కూడా తొందర పనికిరాదు. మంచి సున్నాన్ని నీళ్లలో తడిపి వారాలపాటు నానబెట్టాలి. తడిపేటప్పుడు అది కుతకుత ఉడుకుతుంది, పిల్లలను దగ్గరికి రానీయొద్దు, పనివాళ్లు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. గానుగలో బాగా నలగాలి, దాన్నే మన పెద్దలు డంగు సున్నం అన్నారు. ముందు గోడ మూల రెండు మూడు పాళ్లతో చిన్న చిన్న పూతలు వేసి, ఒక వాన చూసి, రంగు, గట్టిదనం పాతదానితో సరిపోయినదాన్ని ఎంచుకోవాలి. పలచని పొరలుగా పూసి, తడి గోనెసంచులు కప్పి, ఎండకు బీటలు రాకుండా కాపాడాలి.

ఇది పుస్తకాల్లో మాట కాదు. గోల్కొండ కోట పక్కన కుతుబ్‌షాహీ సమాధులను చూడండి. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి అక్కడ పని మొదలుపెట్టాయి. గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంట్‌ను గీకించి, మళ్లీ సున్నమే వేయించారు. పని పూర్తై 2024 జూలైలో ఆ ఆవరణను ప్రజలకు అంకితం చేశారు. ఆ సిమెంట్‌కు ఒకప్పుడు ఎవరో పైసలిచ్చారు, దాన్ని తీయడానికి మళ్లీ పైసలు అయ్యాయి. అక్కడి మెట్ల బావులకు, మన పొరుగున కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డులు వచ్చాయి. 1591 నాటి చార్మినార్‌కు 2019లో ఒక మినార్ గచ్చు పెళ్ల ఊడి పడింది. దానినీ మళ్లీ సున్నంతోనే సరిచేశారు.

ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "చాచా, పిల్లల ఫీజులకే పైసలు సరిపోవడం లేదు, గోడలకు పరీక్షలెందుకు?" న్యాయమైన ప్రశ్న. జకాత్ పేదల హక్కు, దానిని మనం ముట్టేది లేదు. ఇది చందా పైసల మాట. ఆ చందాలో కూడా మొదటి ఖర్చు పరీక్షకు కాదు. ముందు కప్పు మీద మొలిచిన రావి మొక్క తీయించండి, వాన నీళ్లు గోడకు దూరంగా పోయేలా కాలువ తవ్వించండి. దాంతోనే సగం బాధ తగ్గుతుంది. మిగతా దానికి పరీక్ష చేయించండి. ఒకసారి సరిగ్గా చేస్తే రెండోసారి ఆ పైసలు పిల్లల ఫీజుకే మిగులుతాయి. పనిలో మన ఊరి కుర్రాళ్లు ఇద్దరు సున్నం పని నేర్చుకుంటే వాళ్లకు బతుకుదెరువు కూడా.

ఈ ఏడు నేను కోరేది మూడే. పాత సున్నపు గోడ మీద సిమెంట్ పూత, టైల్స్, ఆయిల్ పెయింట్ వేయొద్దని తీర్మానం చేయండి. ప్రతి మరమ్మతు అంచనాలో పరీక్షకు ఒక పద్దు పెట్టండి. ఏ పాళ్లలో ఏం కలిపామో సొసైటీ రిజిస్టర్‌లో రాసిపెట్టండి, మన తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ గోడ తవ్వి వెతుక్కోకుండా ఉంటారు.

సున్నం పనికి మీ పేరు చెక్కే బండ ఉండకపోవచ్చు. వక్ఫ్ మన చేతిలో అమానత్. గోడ నిలిచినన్నాళ్లూ దాని సవాబ్ మీకు అందుతూనే ఉంటుంది, ఇన్షాఅల్లాహ్. నా వల్ల పాడైన ఆ గోడ కోసం కూడా మీ దువాలో ఒక మాట చేర్చండి. వస్సలాం.