నుదుటి పట్టీ చెప్పే మాట
(హృద్రోగ శిశువుల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుండె శస్త్రచికిత్స జరిగిన బిడ్డను చూచిన తల్లిదండ్రులకు తరచుగా ఒక భయం కలుగుతుంది. వేలికి తొడిగిన పరికరం ఆక్సిజన్ 98 అని చూపగా, నుదుటి మీది పట్టీ 65 అంటున్నదేమి?

ఈ రెండంకెలు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వేలి పరికరం ధమనుల రక్తం ఎంత ఆక్సిజన్ మోసుకొని పోతున్నదో తెలుపుతుంది. నుదుటి పట్టీ కంటికి కానరాని పరారుణ కాంతిని పుర్రెగుండా పంపి, మెదడు వాడుకొనగా రక్తంలో ఎంత మిగిలినదో అంచనా వేస్తుంది. ఈ మార్గాన్ని 1977లో యోబ్సిస్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. పట్టీ చూచేది ఎక్కువగా సిరల రక్తమే గనుక 60 నుండి 80 వరకు ఉండటం సాధారణం. ఒళ్లు నీలమెక్కే హృద్రోగంలో ఇంకను తక్కువ ఉండవచ్చు.

కావున అంకెకంటె దాని నడక ముఖ్యం. బిడ్డ మొదటి స్థాయి నుండి సుమారు ఐదవ వంతు తగ్గితే వైద్యులు అప్రమత్తులౌతారు. గుండె చాలినంత రక్తం పంపుతున్నదా, రక్తం తగ్గినదా, జ్వరమో మూర్ఛయో వచ్చినదా, వెంటిలేటర్ వేగం మించి కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు సంకోచించినవా అని పరిశీలిస్తారు. రక్తపోటు బాగున్నప్పుడు సైతం ఈ హెచ్చరిక ముందుగా రావచ్చు.

అయితే పట్టీ చూచేది మెదడు ముందుభాగాన్నే. అంకె బాగున్నంత మాత్రాన భవిష్యత్తుకు హామీ లేదు. ఇంటికి చేరిన పిదప బిడ్డ నడక, మాట, చదువు గమనించవలసినది మనమే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద 18 ఏండ్ల వరకు ఎదుగుదల లోపాలకు ఉచిత పరీక్ష ఉన్నది. అంగన్‌వాడీలో విచారించండి. గుండె బాగైనదని ఆ పరీక్షను మానవద్దు.