నులక అల్లిక – ఇంటివైద్యము – పెద్దల ఆరోగ్యము



సేద్యము కొడుకులకు అప్పగించిన పెద్దలు ఊరక కూర్చుండుట ఒంటికి మంచిది కాదు. మన పలనాటి యెండలకు ఉన్ని అల్లికకంటె నులక అల్లిక తగినది. పచ్చిరొట్టకై చల్లిన జనుములో ఒక మూల నారకు వదలుడు. కోసి, నీట నానవేసి, నార తీసి, నులక పేని మంచము అల్లుకొనుడు. వ్రేళ్ళు, మణికట్లు కదలుచుండును, మనుమలు చుట్టు చేరుదురు, ప్రొద్దు తెలియదు. నడుము పట్టకుండ నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయవలెను.

ఇంటివైద్యమును మంచిదే, దాని హద్దు తెలియవలెను. జలుబుకు శొంఠి కషాయము హాయినిచ్చును. వయసు మీరినవారికి ఒంట నీరు తగ్గినను దాహము అంతగా తెలియదు. కనుక విరేచనములు పట్టినచో కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపుడు. కొలత తప్పరాదు. తగ్గకున్న ఆసుపత్రికి కొనిపోవలెను.

దగ్గు 2 వారములు దాటినచో తెమడ పరీక్ష చేయింపుడు. కషాయమును నమ్మి రక్తపోటు, మధుమేహముల మాత్రలు మానరాదు. రొమ్మునొప్పి వచ్చినను, మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను వెంటనే 108కి ఫోను చేయుడు. అప్పుడు ఇంటివైద్యముతో జరుగు ఆలస్యము ప్రాణముమీదికి తెచ్చును.

కలుపును మొలకలోనే తీసిన చేను బాగుపడును. ఒంటి జబ్బును అంతే.