మన మందుల పద్దు మన చేతిలో

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ జమాఖర్చులు సభ్యులు చూడవచ్చునా అని నేడు ఎవరును అడుగరు. కాని తన వ్యాధి యేమో, తాను మ్రింగుచున్న మందులేవో వ్రాసియున్న పద్దును చూచు హక్కు తనకు కలదని మన గ్రామములలో ఎరిగినవారు తక్కువ. వైద్యుల చీటీలు ఏ సంచిలోనో దండెమునకు వ్రేలాడుచుండును. వానకాలమునకు సగము తడిసిపోవును.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలన సంభవించినవని తేలినది. ఇవి నాలుగు దినములలో విడిచిపోవు జ్వరముల వంటివి కావు, ఏండ్ల తరబడి మాత్రలు వాడవలసినవి. చక్కెర వ్యాధికి భీమవరములో ఒక వైద్యుడు, మోకాళ్ల నొప్పికి ఊరి ఆర్.ఎం.పి., గుండెకు కాకినాడ పెద్దాసుపత్రి. ఒకరు వ్రాసినది మరొకరికి తెలియదు.

గ్లిమెపిరైడ్ అను చక్కెర మందును ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరుతో అమ్మును. రెండు చీటీలలో రెండు పేర్లుండగా, రోగి ఒకే మందును రెట్టింపు మ్రింగును. రక్తములో చక్కెర మితిమీరి తగ్గి, చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పును. ఇంటివారు నీరసమనుకొందురు! డైక్లోఫినాక్ వంటి నొప్పి మందులు చెడిన మూత్రపిండములను మరింత చెరచును, రక్తపోటును పెంచును. మందు అట్టపై అసలు పేరు కంపెనీ పెట్టిన పేరుకంటె పెద్ద అక్షరములలో ఉండవలెనని 2018 నుండి నిబంధన కలదు. చదువుకొనుచున్న పిల్లలకు ఆ పేరు చూచుట నేర్పిన చాలును.

2021 సెప్టెంబరులో దేశమంతట ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద, కోరినవారికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య నిచ్చుచున్నారు. దానికి జతపరచిన చీటీలు, పరీక్షా ఫలితములు రోగి తన ఫోనులో చూచుకొనవచ్చును. తన సమ్మతితో మరొక వైద్యునికి చూపవచ్చును, ఆ సమ్మతిని వెనుకకు తీసికొననూ వచ్చును. ఆసుపత్రివారు జతపరచని కాగితము మాత్రము దానంతటది అందులో కనబడదు.

యంత్రముతోనే పని తీరునని నేను చెప్పజాలను. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు, వైద్యులకు టాబ్లెట్ల నిచ్చి ‘స్మార్ట్ హెల్త్’ అను ప్రయోగము జరిపిరి. గుండె జబ్బు ముప్పు అధికముగా నున్నవారిలో రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యకు చెప్పుకొనదగిన భేదము కానరాలేదని 2019లో వారే ప్రకటించిరి. దాచకుండ చెప్పుట మెచ్చదగినది. పద్దు వ్రాయుట ఒక యెత్తు, మందు దొరకుట, దానిని సరిగా వాడుట మరొక యెత్తు.

ఇక మీ వార్డులలో ఎదురగు చిక్కొకటి కలదు. పెక్కుమంది వృద్ధుల ఆధారునకు హైదరాబాదులోని కుమారుని ఫోను నెంబరే జతయై యుండును. ఓ.టి.పి. అచ్చటికి పోవును. అట్టివారి జాబితా ఆశా కార్యకర్తతో కలిసి తయారుచేసి, నెంబరు మార్పించుడు. ఓ.టి.పి.ని అపరిచితులకు చెప్పరాదని కూడ హెచ్చరింపుడు.

ఫోను లేనివారికి కాగితమే ఆధారము. రోగి కోరినయెడల వైద్యులు 72 గంటలలో రికార్డు నీయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమములలోనే యున్నది. ఆ కాగితములను, ఇంటనున్న మాత్రల నన్నిటిని ఒక సంచిలో వేసికొని గ్రామ ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి, ఏ మందు దేనికో, ఏది రెండు మారులు వచ్చినదో అచ్చట చూపించుకొనుమని ఇంటింట చెప్పుడు. వైద్యుని అడుగకుండ ఏ మందును మానరాదని కూడ చెప్పుడు.