దూరప్రయాణములో సైకిలు
(హనుమాన్ జంక్షన్‌లో పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో మోటారు సైకిళ్లు ఎంత హెచ్చినను సైకిలు పని తీరిపోలేదు. పాలు పోయువారు, కూలికి పోవువారు, హైస్కూలుకు పోవు బాలికలు, రాత్రి కాపలాకు పోవు వృద్ధులు నేటికిని దానినే నమ్ముకొని యున్నారు. ఊరిలో నున్నంతవరకు దానితో చిక్కు లేదు. బ్రతుకుతెరువు కొరకో, చదువు కొరకో వందల కిలోమీటర్లు పోవలసి వచ్చినప్పుడు చిక్కు పుట్టును. సైకిలును వెంట తీసుకొనిపోవు మార్గము తెలియక అనేకులు దానిని అయినకాడికి అమ్మివేయుచున్నారు. చేరిన చోట మరల కొనుచున్నారు. సాధారణమైన క్రొత్త సైకిలుకు నేడు అయిదారువేల రూపాయలు కావలెను. పాతదానికి కొనువాడు చెప్పినదే ధర. ఈ రెండింటి నడుమ పోవునది పేదవాని రెక్కల కష్టము. ఈ నష్టమును తప్పించుటకు పంచాయతీ ఏమి చేయగలదో మనవి చేయదలచితిమి.

ఈ ప్రసంగమునకు ఈ ఊరు తగినదే. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు ఇచ్చట ఆంజనేయస్వామి గుడి వద్ద కలియుచున్నవి. 2020 వేసవిలో కరోనా వలన రైళ్లు, బస్సులు నిలిచిపోయినప్పుడు, ఉత్తరాది కార్మికులు ఈ 16వ నెంబరు జాతీయ రహదారి మీదనే కాలినడకను, సైకిళ్ల మీదను స్వగ్రామములకు సాగిపోయిరి. దిక్కులేనివానికి సైకిలు ఎంత అండయో నాడు లోకమునకు తెలిసినది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడి, నూజివీడులో ఒక ప్రాంగణము నెలకొన్నప్పటినుండి దూరపు జిల్లాల పిల్లలు ఈ దారినే వచ్చుచున్నారు. మన పిల్లలును శ్రీకాకుళము, ఒంగోలు, ఇడుపులపాయ ప్రాంగణములకు పోవుచున్నారు. వీరిలో సైకిలు వెంట నుండవలెనని కోరువారు కొందరైనను ఉందురు.

ఇక మార్గములను విచారింతము.

మొదటిది రైలు లగేజీ. ప్రయాణికుడు తన టిక్కెట్టును చూపి సైకిలును బుక్ చేసినచో, అది బ్రేక్ వ్యానులో అతనితో పాటు చేరును. రెండవ తరగతి ప్రయాణికునికి 35 కిలోల సామాను ఉచితమని విని, సైకిలును కూడ అందులో చేర్చుకొనవచ్చునని కొందరనుకొందురు. అట్లు కాదు. సైకిలు, స్కూటరువంటి వాటికి ఆ ఉచిత పరిమితి వర్తింపదు. పెట్టెలోనికి తీసుకొనిపోదగిన పెట్టె బేడాలకు కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు. మన పెద్ద సైకిలు చక్రము 28 అంగుళములు, అనగా 71 సెంటీమీటర్లు. కాబట్టి విడదీసి మూటగట్టినను అది ఆ కొలతకు లొంగదు. మడత సైకిలు సంగతి వేరు. నెదర్లాండ్స్ దేశపు రైళ్లలో మడిచిన సైకిలుకు రుసుము లేదు. మడవని సైకిలుకు వేరుగ టిక్కెట్టు కొనవలెను, రద్దీవేళ అది కూడ కుదరదు. సైకిళ్లకు పేరుపడిన దేశములోనే ఇట్లుండగా మన రైళ్లలో నిబంధన యున్నందుకు ఆశ్చర్యము లేదు. బుక్ చేయక అధిక సామానుతో పట్టుపడినచో లగేజీ రేటునకు ఆరు రెట్లు చెల్లించవలసి వచ్చును. పది రూపాయలు మిగుల్చబోయి వంద పోగొట్టుకొనుట లాభము కాదు.

రెండవది రైలు పార్శిలు. దీనికి ప్రయాణపు టిక్కెట్టు అక్కరలేదు. సాధారణముగా లగేజీ కంటె చౌక. బండి తరగతిని బట్టి రేటు మారును గనుక, ఏ బండికి తక్కువ పడునో కౌంటరులో అడిగి తెలిసికొనవలెను. అయితే మనము పోయిన బండిలోనే పార్శిలు వచ్చునన్న నమ్మకము లేదు. చేరిన పిదప గడువులోగా విడిపించుకొనకున్న నిలువ రుసుము పడును. తొందర లేనివారు ప్రయాణమునకు కొన్నిదినములు ముందుగా పంపి, అక్కడ బంధువుచేత విడిపించుకొనుట మేలు.

ఇచ్చట ఒక స్థానిక విషయము గుర్తుంచుకొనవలెను. మన ఊరి రైలు స్టేషను పేరు హనుమాన్ జంక్షన్ కాదు, నూజివీడు. దూరమునుండి మనకు సామాను పంపువారు చీటీ మీద స్టేషను పేరు నూజివీడు అని వ్రాయవలెను. బండి కొద్ది నిమిషములే ఆగు స్టేషనులో సైకిలు ఎక్కించుటయు దించుటయు కష్టము. కనుక పార్శిలు ఆఫీసుగల విజయవాడ వంటి పెద్ద స్టేషనునుండి బుక్ చేయుట క్షేమము. విజయవాడ ఇచ్చటికి సుమారు 40 కిలోమీటర్లు. అంతవరకు చేర్చు ఖర్చును ముందే లెక్కించుకొనవలెను.

మూడవది రోడ్డు. పూర్వము బస్సు పైకప్పు మీద సైకిలు కట్టి తీసుకొనిపోవుట వాడుక. నేడు అనేక బస్సులకు పైన ఆ వసతి లేదు. ఆర్టీసీ కార్గో కౌంటరులో సైకిలు తీసుకొందురా, రేటు ఎంత, చేరు ఊరిలో కౌంటరు కలదా అని మూడు ప్రశ్నలు వేసి, పిమ్మట సైకిలును తీసుకొనిపోవలెను. లారీ ఆఫీసులలో బేరము కుదిరినచో ఇంకను చౌకగా పోవచ్చును. కాని రసీదు ఇయ్యని లారీకి సైకిలు అప్పగింపరాదు. నలుగురైదుగురు ఒకే ఊరికి పనికి పోవునప్పుడు సైకిళ్లన్నియు కలిపి బేరమాడినచో తలకు పడు ఖర్చు తగ్గును.

సైకిలు కట్టు విధానము కూడ తెలియవలెను. గంట, దీపము, పంపు, సంచి తీసి వెంట ఉంచుకొనవలెను. హేండిలును ఫ్రేముకు వరుసగా త్రిప్పి, సీటు దించి, పెడళ్లు ఊడదీయవలెను. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడుది. గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పిననే ఊడును. ఇది తెలియక బలవంతము చేసి మర చెరుపుకొనువారున్నారు. గొలుసుకు పాతగుడ్డ చుట్టి, ఫ్రేముకు గోనె చుట్టి, పురికొసతో బిగించవలెను. పేరు, బయలుదేరు స్టేషను, చేరు స్టేషను, ఫోను నెంబరు వ్రాసిన చీటీలు రెండు కట్టవలెను. ఒకటి ఊడినను రెండవది మిగులును. బండి వేళకు కనీసము అరగంట ముందు లగేజీ ఆఫీసులో నుండవలెను. మొదటిసారి పోవువారు రెండు గంటలు ముందు పోవుట మంచిది.

రసీదు ప్రాణమువంటిది. బుక్ చేసి రసీదు పొందిన సామానుకే రైల్వేలు పూచీపడును. విలువ ప్రకటింపని యెడల ఆ పూచీ లగేజీకి కిలోకు 100 రూపాయలకును, పార్శిలుకు కిలోకు 50 రూపాయలకును మించదు. ఇరువది కిలోల సైకిలు పోయినచో లగేజీ అయిన 2,000, పార్శిలు అయిన 1,000 రూపాయలు హద్దు. క్రొత్త సైకిలు పంపువారు విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టుట ఉత్తమము.

ఇందులో పంచాయతీ పాత్ర యేమి? ఒకప్పుడు పంచాయతీలు, మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకొని బిళ్ల యిచ్చెడివి. పన్ను భారమే గాని, ఏ సైకిలు ఎవరిదో ఆ బిళ్ల చెప్పెడిది. పన్ను లేకుండ ఆ మేలును మనము మరల కల్పింపవచ్చును. ప్రతి సైకిలు ఫ్రేము మీద ఒక నెంబరు ఉండును. సాధారణముగా అది పెడలు కడ్డీలు తిరుగు గొట్టము అడుగునగాని, సీటు క్రింది గొట్టము మీదగాని చెక్కబడియుండును. కోరినవారి సైకిలు నెంబరును, యజమాని పేరును పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకమున వ్రాసి, ముద్ర వేసిన కాగితము ఉచితముగా నీయవచ్చును. కొనిన రసీదు ఎన్నడో పోగొట్టుకొన్న కూలివానిని దారిలో ఎవరైన ‘ఈ సైకిలు నీదేనా?’ అని నిలదీసినప్పుడు ఆ కాగితము అతని పక్షమున మాటలాడును. సైకిలు దొంగిలింపబడినప్పుడు పోలీసులకు చెప్పుటకును ఆ నెంబరే ఆధారము.

రెండవ పని, రైల్వే పార్శిలు, ఆర్టీసీ కార్గో రేట్లను కనుగొని నోటీసుబోర్డు మీద వ్రాయుట. రేట్లు మారుచుండును గనుక తేదీ కూడ వేయవలెను. మూడవది, ఊరి సైకిలు షాపువానికి కట్టు విధానము చూపి, నాలుగు గోనెసంచులు అతనివద్ద ఉంచుట.

అన్ని సైకిళ్లను మోసుకొనిపొమ్మని మేము చెప్పుట లేదు. కట్టుబడి, కిరాయి, స్టేషనుకు చేర్చుట, అక్కడ విడిపించుట కలిపిన ఖర్చు ఒకవైపునను, ఇక్కడ అమ్మి అక్కడ కొనుటలో పడు నష్టము మరియొకవైపునను వ్రాసి చూడవలెను. ఖర్చు హెచ్చయినచో సైకిలును ఇంట తమ్మునికో చెల్లెలికో విడిచిపోవుటయే న్యాయము. ఆ లెక్క వేయుట తెలియక అమ్ముకొనువాడు మన ఊరిలో ఒక్కడును ఉండరాదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, ఆ పుస్తకమును తెరువవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.