దస్త్రములలో వెదకుట: ఆలస్యమునకు నిదానము



నంద్యాలలోగాని ఆళ్ళగడ్డలోగాని సబ్ రిజిస్ట్రారు కచేరి గడప త్రొక్కని రైతు మన ప్రాంతమున అరుదు. పొలము కొనవలెనన్నను, తాకట్టుపెట్టి బ్యాంకులో అప్పు తేవలెనన్నను, ఆ భూమిపై పూర్వపు క్రయములు, తనఖాలు కలవో లేవో తెలుపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, మన వాడుకలో ఈసీ, కావలసియుండును. అది సమయమునకు చేతికి రానిచో విత్తుకాలము దాటిపోవును. లోపముతో వచ్చినచో ఒకరి అప్పు మరియొకరి నెత్తిన బడును. కావున ఆ కాగితము వెనుక జరుగు వెదకులాట ఎట్టిది, అది ఒక్కొకప్పుడేల మందగించును, దానిని సరిచేయు మార్గమేది యను సంగతిని నేడు మనవి చేసెదను. నాయొద్ద చదువుకొన్న శిష్యుడొకడు ఇట్టి యంత్రముల పనిలోనే యున్నాడు. అతడు చెప్పగా విన్నదానిని నాకు తెలిసిన శాస్త్రముతో సరిచూచుకొని చెప్పుచున్నాను.

మొదట పాతపద్ధతిని జూతము. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకమున వచ్చిన వరుసనే చేరును. ఆ వరుస కాలక్రమము. ఊరి క్రమము కాదు, పేరుల క్రమము కాదు. ఒక సర్వే నంబరు గూర్చి తెలియవలెనన్న మొదటి పుట నుండి చివరి పుట వరకు తిరుగవేయవలసి వచ్చును. చట్టము చేసినవారు ఈ చిక్కును ముందే యెరిగి, ఆ పుస్తకమునకు రెండు ఇండెక్సులు నిర్ణయించిరి. మొదటిదానిలో వ్రాసియిచ్చినవారి, వ్రాయించుకొన్నవారి పేర్లుండును. రెండవదానిలో ఆస్తి వివరములుండును.

సంస్కృతము చదివినవారికి అమరకోశము తెలియును. అది వర్గములుగా కూర్చబడినది. స్వర్గమునకు గల పర్యాయపదములు కావలెనన్న వెంటనే దొరకును. కాని ఒక పదము మాత్రమే తెలిసి దాని అర్థము తెలియనివాడు ఏ వర్గమున వెదకును? వానికి గ్రంథాంతమునందలి అకారాదిసూచికయే శరణ్యము. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము అకారాదిక్రమమున నున్నది. పదము తెలిసినవానికి అది సులభము. గ్రంథములోని విషయమెంత గొప్పదైనను, అడుగు ప్రశ్నకు తగిన వరుస లేనిచో ఆలస్యము తప్పదు.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కార్డ్ అను పథకముతో రిజిస్ట్రేషను కచేరీలలోనికి కంప్యూటర్లు వచ్చినవి. అంతకుముందు దినములు పట్టుచుండిన ఈసీ నిమిషములలో చేతికందసాగెను. కంప్యూటరులోని దస్త్రముల కూర్పునకు డేటాబేసని పేరు. 1970లో కాడ్ అను పండితుడు దాని కొక పద్ధతిని ప్రతిపాదించెను. అడుగువాడు తనకేమి కావలెనో చెప్పిన చాలును. ఏ త్రోవన వెదకవలెనో యంత్రమే నిర్ణయించుకొనును.

ఇండెక్సుకొరకు బేయరు, మెక్‌క్రైట్ అనువారు 1972లో ప్రకటించిన వృక్షరచన నేటికిని వాడుకలో నున్నది. ఒక్కొక్క కణుపునుండి రెండువందల కొమ్మలు చీలునట్టి వృక్షమును ఊహింపుడు. నాలుగు మెట్లలో నూటయరువది కోట్ల ఆకులకు దారి యేర్పడును. కోటి దస్తావేజులను వరుసగా చదువుటకు మారుగా నాలుగైదు పుటలు తెరచిన చాలును.

ఇట్టి సాధనముండియు ఆలస్యమేల? వైద్యుడు నాడి చూడకుండ మందీయడు. ఇచ్చటను నిదానము ముందు, చికిత్స పిమ్మట. డేటాబేసును ఎక్స్‌ప్లెయిన్ అను ఆజ్ఞతో అడిగినచో, తాను పోదలచిన త్రోవను, ఎన్ని వరుసలు దొరకునని యెంచినదో దానిని తెలుపును. ఎనలైజ్ అను మాట చేర్చినచో నిజముగా వెదకి, దొరకినవెన్నియో, పట్టిన కాలమెంతయో చెప్పును. అంచనాకును వాస్తవమునకును దూరమెక్కడ నున్నదో రోగమచ్చట నున్నదని యనుమానింపవలెను.

కారణములు పలువిధములు. ఇండెక్సు లేకపోవుట మొదటిది. ఉండియు వరుస కుదరకపోవుట రెండవది. ఊరి పేరు ముందు, సర్వే నంబరు తరువాత వచ్చునట్లు కూర్చిన ఇండెక్సులో, ఊరు చెప్పక 45వ నంబరు మాత్రమే అడిగిన ప్రయోజనము స్వల్పము. 45వ నంబరు ఏ యూరిలో లేదు?

మూడవది అడుగు తీరు. నిఘంటువులో 'మ'తో మొదలగు పదములు సులభముగా దొరకును; 'డ్డి'తో ముగియు పదములకు గ్రంథమంతయు చదువవలెను. మరియు ఆళ్ళగడ్డ ప్రాంతమున రెడ్డియని ముగియు పేర్లకు కొదువ లేదు గదా! దొరకునవి మిక్కిలి యెక్కువైనప్పుడు ఇండెక్సునకును పుస్తకమునకును మాటిమాటికి తిరుగుటకంటె పుస్తకమునే తిన్నగా చదువుట మేలు. యంత్రము కొన్నిచోట్ల ఇండెక్సును విడుచుట ఇందువలననే. అది దోషము కాదు.

నాలుగవది వ్రాతలోని భేదము. ఒకరు 45/2ఏ యని, మరియొకరు 45-2ఏ యని వ్రాసినచో, ప్రతి వరుసను దిద్దుకొనుచు పోల్చవలసివచ్చి సాధారణపు ఇండెక్సు నిష్ఫలమగును. చేర్చునప్పుడే ఏకరూపముగా వ్రాయుట దీనికి మందు.

ఐదవది పాత లెక్కలు. 1979లో సెలింజరు మొదలగువారు, ఖర్చును అంచనావేసి త్రోవను ఎన్నుకొను పద్ధతిని వివరించిరి. ఆ అంచనాకు లెక్కలాధారము. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడినట్టి సందర్భములలో వరుసలు పెద్దయెత్తున మారినచో, లెక్కలను మరల కట్టవలెను. లేనిచో యంత్రము నిన్నటి పటమును పట్టుకొని నేటి దారిన నడచును.

ఆరవది వెదకులాటయే కాదు, వేచియుండుట. ఒకరు వ్రాయుచున్న పుటకై మరియొకరు కాచుకొనుట వలన ఆలస్యమగుచుండగా, ఇండెక్సులు పెంచిన ఫలమేమి?

ఇండెక్సులు ఎన్నియైన చేర్చవచ్చుననుట సరికాదు. క్రొత్త దస్తావేజు వచ్చిన ప్రతిమారు అన్ని ఇండెక్సులలోను వ్రాయవలెను. వెదకుట త్వరపడి, చేర్చుట మందగించును. అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి. వేగముకొరకు సంవత్సరములను తగ్గించి వెదకినను, ఉదయము తీసిపెట్టిన జవాబునే సాయంకాలము చూపినను, నడుమ వ్రాసిన తనఖా కనబడకపోవును. త్వరగా వచ్చిన తప్పు జవాబుకంటె ఆలస్యముగా వచ్చిన సరియైన జవాబే రైతును కాపాడును. మార్పు చేసిన పిమ్మట వేగమును మాత్రమే కాక, మునుపటి జవాబే వచ్చుచున్నదో లేదో పోల్చిచూడవలెను.

మీరు చేయదగినదియు కలదు. ఈసీకి పోవునప్పుడు గ్రామము పేరు, సర్వే నంబరు ఉపవిభాగముతో సహా, నాలుగు హద్దులు, ఇంటిపేరుతో కూడిన పేర్లు వ్రాసికొని పొండు. దస్తావేజు నంబరు, సంవత్సరము తెలిసినచో ఇంకను మేలు. ఒక కచేరిలో ఒక పుస్తకమునకు ఆ రెండును కలిసిన గుర్తు ఒక్కటే యుండును. పేరు వేరువేరు వ్రాతలలో నుండవచ్చునేమో యడుగుడు. ఎన్నేండ్లకు వెదకిరో కాగితముపై చదివికొనుడు. కంప్యూటరునకెక్కని పూర్వకాలమునకు పాతపుస్తకములే దిక్కు. వాటిని చూడక కొనుగోలు ముగింపకుడు.