గాజుపెట్టెలోని రాచకన్య
(దయాల్‌బంద్‌లో జరిగిన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాటలాడదలచినది ఈజిప్టు దేశపు మమ్మీలను గూర్చి. దయాల్‌బంద్‌లో కాపురముండు తెలుగువారికి ఈజిప్టు గొడవ ఏల యని మీరు అనవచ్చును. అయితే అట్టి మమ్మీ యొకటి మన తెలుగుగడ్డ మీదనే యున్నది. హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకు చేరువనున్న పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియములో, ఒక గాజుపెట్టె యందు, రెండువేల సంవత్సరములకు పైబడిన ఒక స్త్రీ దేహము భద్రముగా నున్నది. పిల్లలు మొదట జంకుదురు. పిమ్మట గాజునకు ముక్కు ఆనించి చూతురు.

ఈమె హైదరాబాదు చేరిన కథ ఇట్లు చెప్పుదురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్, 1920 ప్రాంతమున, వేయి పౌనులిచ్చి ఈ మమ్మీని కొని తెచ్చి, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు సమర్పించెను. ఆయన దానిని 1930లో మ్యూజియమునకు ఇచ్చెను. ఆమె పేరు నైషు అనియు, ఆరవ ఫారో కుమార్తె యనియు, ఆమె కాలము ఇప్పటికి 2,300 మొదలు 2,500 సంవత్సరముల క్రిందటిదనియు ప్రచారములో నున్నది.

ఇందులో నిజమెంత? దానిని తెలిసికొనుట ఎట్లు? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే ప్రాణము.

ముందుగా మమ్మీని చేయు విధమును చెప్పెదను. మరణించినవారికి పరలోకములో దేహము కావలెనని ఈజిప్షియనుల నమ్మకము. అందుచే మెదడును ముక్కు మార్గమున తీసివేసి, ఊపిరితిత్తులు, కాలేయము, జీర్ణకోశము, ప్రేవులను వెలికితీసి వేరుగా భద్రపరచెడివారు. హృదయము మాత్రము బుద్ధికి నిలయమని, దానిని దేహములోనే ఉంచెడివారు. పిదప నేట్రాను అను సహజలవణములో దేహమును కప్పి ఎండించెడివారు. అది పూర్వము మన పల్లెలలో బట్టలు ఉడుకబెట్టుటకు వాడిన చౌడు వంటిది. ఉప్పు నీటిని లాగు గుణము ఏటేట మాగాయ పెట్టు మన గృహిణులకు తెలియనిది కాదు. తడి లేనిచోట కుళ్ళు లేదు. తరువాత గుగ్గిలము వంటి జిగురులు పూసి, అవిసెనార వస్త్రములతో చుట్టెడివారు. ఈ కార్యము మొత్తమునకు 70 దినములు పట్టెడిది.

ఇట్టి దేహములను పరిశోధించుటలో పూర్వపు పండితుల పద్ధతి ఒక్కటే: కట్లు విప్పుట. 1881లో దేర్ ఎల్ బహరీ కొండలలో అనేక రాజుల మమ్మీలు ఒకేచోట బయటపడినవి. 1886లో మాస్పెరో అను ఫ్రెంచి పండితుడు రెండవ రామెసెసు దేహమును పెద్దల సమక్షమున విప్పించెను. మూడువేల ఏండ్లు నిలిచిన కట్టు ఒకసారి విప్పిన పిమ్మట మరల యథాతథముగ కట్టుట ఎవరి తరము? జ్ఞానము కొంత లభించెను. సాక్ష్యము కొంత నశించెను.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. 1903లో ఇలియట్ స్మిత్ అను వైద్యుడును, హోవార్డు కార్టరును నాలుగవ థట్మోసు మహారాజు దేహమును అద్దెబండిలో ఎక్కించి, కైరోలో ఎక్స్‌రే యంత్రమున్న వైద్యశాలకు తీసికొనిపోయిరి. ఎక్స్‌రే పరీక్ష జరిగిన మొదటి రాచమమ్మీ అదియే. అటుతరువాత సీటీ స్కాను వచ్చినది. దొండకాయను చక్రములుగా తరిగినట్లు, కత్తి తగులకుండగనే, దేహమును పొరలు పొరలుగా చూపు యంత్రమిది.

రైల్వే సోదరులకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. పట్టాలోని పగులును పట్టా విరుగకుండగనే ధ్వనితరంగములతో మీరు కనిపెట్టుచున్నారు. ఇరుసు లోపలి దోషమును ఇరుసు కోయకుండగనే చూచుచున్నారు. ఇచ్చటి మార్గమును అట్టిదే.

దీని ఫలములు రెండు చెప్పెదను. మూడవ రామెసెసు మహారాజుపై అంతఃపురములో కుట్ర జరిగినదని ప్రాచీన పత్రమొకటి తెలుపుచున్నది. కుట్ర ఫలించినదో లేదో తెలియకుండెను. ఆయన కంఠము లోతుగ కోయబడియున్నట్లు స్కాను ఆధారముగ 2012లో ప్రకటించిరి. మూడువేల సంవత్సరములు కట్ల మాటున దాగిన హత్య వెల్లడియైనది. రెండవది, మొదటి అమెన్‌హోటెపు మమ్మీ. పూలదండలతో, ముసుగుతో అది ఎంత సుందరముగ నుండెననగా, దానిని విప్పుటకు ఎవరికిని చేతులు రాలేదు. 2021లో దాని స్కాను ఫలితములు వెలువడినవి. ఆయన వయస్సు సుమారు 35 ఏండ్లు. ఎత్తు సుమారు 169 సెంటీమీటర్లు. కట్ల లోపల 30 రక్షరేకులు, 34 బంగారు పూసలున్న మొలనూలు కలవు. ఒక్క పోగును కదల్పకయే ఇవియన్నియు తెలిసినవి.

మన హైదరాబాదు మమ్మీకిని 2016లో ఎక్స్‌రే, సీటీ స్కాను పరీక్షలు జరిగినవి. ఆమె యౌవనములోనే మరణించిన స్త్రీ యని చెప్పుచున్నారు. అనంతరము ఆమెను ప్రాణవాయువు లేని, నత్రజని నింపిన పెట్టెలో భద్రపరచిరి. ప్రాణవాయువు లేనిచోట పురుగులు బ్రదుకజాలవు. వస్త్రము త్వరగ శిథిలము కాదు.

ఇక రాచరికపు మాట. ఈజిప్టులో రాజులను మొదటినుండి లెక్కించినచో ఆరవవాడు ఇప్పటికి సుమారు అయిదువేల ఏండ్ల నాటివాడు. ఆరవ రాజవంశమని అర్థము చేసికొన్నను నాలుగువేల ఏండ్లకు పైమాటయే. టోలెమీలలో ఆరవవాడనుకొన్నచో ఇప్పటికి సుమారు 2,200 సంవత్సరములే. 2,300 మొదలు 2,500 సంవత్సరములన్న కాలముతో ఈ మూడింటిలో ఏదియు పొసగదు. కావున ఆరవ ఫారో కుమార్తె యను మాటను సిద్ధాంతముగ గాక, వినికిడిగ మాత్రమే గ్రహింపవలెను.

మనము దస్త్రములతో బ్రదుకువారము. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ వ్రాసినంత మాత్రమున చాలదు; దానికి తగిన పత్రము వెనుక నుండవలెను. మమ్మీకిని అంతే. శవపేటిక మీది వ్రాత, దొరకిన సమాధి, కార్బను పరీక్షలో తేలిన వస్త్రపు వయస్సు, ఇవి ఆమె పత్రములు. కైరోలో సైతము ఇట్టి పొరపాటు జరిగినది. మొదటి థట్మోసు అని చిరకాలము తలచిన దేహము ఆయనది కాదని, అది ఒక యువకునిదని, స్కాను చూచిన పిమ్మట 2007లో ప్రకటించిరి. చీటీ మార్చుకొనుటకు అచ్చటి పండితులు సిగ్గుపడలేదు. శాస్త్రము యొక్క గౌరవము అందులోనే యున్నది.

అట్లయిన ఆమె రాకుమార్తె కానిచో గాజుపెట్టెకు విలువ తగ్గునా? తగ్గదని నా మనవి. 2021 ఏప్రిలులో కైరో నగరమున 22 మంది రాజులను, రాణులను రాజలాంఛనములతో ఊరేగించి క్రొత్త మ్యూజియమునకు చేర్చిరి. మన నాంపల్లి పడుచునకు అట్టి ఊరేగింపు లేదు. కాని ఆమె యెవరో తల్లిదండ్రుల బిడ్డ. చిన్నవయసున పోయినందుకు ఎవరో కంటనీరు పెట్టి, ఓపికతో ఆ వస్త్రములను చుట్టించినారు. ఆ దుఃఖమునకు రాచపట్టా అక్కరలేదు.

ఈసారి సెలవులకు పోయినపుడు మీ పిల్లలను తీసికొనిపోయి చూపుడు. తెలిసిన దానిని తెలిసినదిగను, వినికిడిని వినికిడిగను వేరుచేసి చెప్పుడు. అచ్చట కొంచెముసేపు గొంతు తగ్గించి మాటలాడుడని కూడ చెప్పుడు. అది వింతవస్తువు కాదు, ఒక మనిషి.