దుకాణం బోర్డుకు, చూరుకు ఏ లైటు?
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



లోను తీసుకుని షాపు పెట్టుకున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. టిఫిన్ అయినా, కిరాణా అయినా, కుట్టు మిషను అయినా, గిరాకీ ఎక్కువగా పొద్దుగూకాకే. లైటు పెట్టించేటప్పుడు రేటు అడుగుతాం గానీ వైరు ఎట్లా వేస్తున్నాడో చూడం. ముందు ఆ సంగతే చెప్తాను.

మన షాపుల ముందు రేకుల చూరు, దాని కింద ఇనుప గొట్టాలు. జాయింటుకు టేపు చుట్టి వైరును గొట్టానికి కట్టేస్తే, వాన తడికి గొట్టం మొత్తం కరెంటు పాకుతుంది. దాన్ని పట్టుకుని నిలబడేది మనం, మన పిల్లలు, కొనడానికొచ్చినవాళ్లు. అందుకే చూరు కింద 12 ఓల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేయించుకోండి. తడికి ఆగేలా ఐపీ 65 అని రాసి ఉన్నది అడగండి. బీఐఎస్ గుర్తున్న అడాప్టరు తీసుకుని షాపు లోపల, తడి తగలని చోట పెట్టించండి. మీటరు దగ్గర ఎర్తింగు, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇక్కడ మాత్రం బేరం ఆడొద్దమ్మా.

స్ట్రిప్పు మీటరుకు 10 వాట్లయితే 5 మీటర్లకు 50 వాట్లు. దానికి 60 వాట్ల అడాప్టరు, అంటే 5 ఆంపులది, సరిపోతుంది. 5 మీటర్లు దాటితే చివర మసకబారుతుంది. రెండో ముక్కకు అడాప్టరు నుంచి వేరే వైరు లాగించాలి.

ఇక బోర్డు. ఫ్లెక్సు డబ్బాలో పాత ట్యూబులైటు ఒక్కోటి చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు తింటుంది. నాలుగు ట్యూబులు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 30 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే 12 యూనిట్లే. నన్నడిగితే చిన్న షాపుకు డబ్బానే దండగ. పేరు పెద్దక్షరాలతో రాయించి, పైనుంచి 20 వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి వేయండి, 3 యూనిట్లతో పోతుంది. లైటు బోర్డు వైపు వంచాలి, బండి మీద వచ్చేవాళ్ల కళ్లల్లో కొట్టకూడదు.

టిఫిన్ బండికి పసుపు లైటే మేలు. తెల్ల లైటు కంటే దానికి ఉసిళ్లు తక్కువ వస్తాయి. వానాకాలం దోసెల పిండి మీద మూత తీయలేని అవస్థ మీకు తెలిసిందే కదా! చీరలమ్మేవాళ్లు మాత్రం సీఆర్‌ఐ 90 ఉన్న తెల్ల లైటు అడగండి. రంగు నిజంగా కనిపిస్తే, చీర పట్టుకుని రోడ్డు మీదికి పోయి చూసే పని తగ్గుతుంది.

వచ్చే నెల మీటింగుకు మీ అడాప్టరు మీది అంకెలు ఫోనులో ఫొటో తీసి తెండి, కూర్చుని చూద్దాం.